పదో రోజుకి సీను చచ్చిపోయింది: రిహార్సల్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు?

పాలకొండలు (కడప) | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సొంత డబ్బులు, నలుగురు స్నేహితుల డబ్బులు కలిపి ఒక చిన్న సినిమా తీస్తున్నాం. నిడివి గంటా పది నిమిషాలు. షూటింగుకి ఇంక పన్నెండు రోజులే ఉంది, నాకేమో నిద్ర పట్టడం లేదు.

కథ రాయచోటి పక్క పల్లెలో జరుగుతుంది. ఖద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్ పోయిన తల్లి నాలుగేళ్లకి ఇంటికొస్తుంది. పోయేటప్పుడు కూతురికి ఎనిమిదేళ్లు, ఇప్పుడు పన్నెండు. పాపను సాకింది అవ్వ. సినిమా అంతా ఒక్క సీను మీద నిలబడింది. తల్లి అట్టపెట్టె తాళ్లు కోసి, పాలపొడి డబ్బాలు, దుప్పట్లు పక్కన పెట్టి, అడుగు నుంచి కూతురి కోసం కొన్న గౌను తీస్తుంది. గౌను చిన్నదైపోయింటుంది. ఇన్నేళ్లూ వీడియో కాల్లో ముఖం చూసింది గానీ ఎత్తు చూడలేదు.

తల్లి వేషం వేస్తున్న అక్క రాయచోటిలో టైలరు. నిజంగానే ఆరేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. ఇంతకుముందు ఎప్పుడూ నటించలేదు. అవ్వగా ప్రొద్దుటూరు నుంచి ఒక పెద్దావిడ. పరిషత్తు నాటకాల్లో ముప్పై ఏళ్ల అనుభవం. పాప ఏడో తరగతి చదువుతోంది.

మూడో రోజు రిహార్సల్లో ఈ సీను చేసినప్పుడు గదిలో ఎవరికీ నోట మాట రాలేదు. పాప నిజంగా ఏడ్చింది, అక్క ఏడ్చింది, మూల కూర్చున్న మా అసిస్టెంట్ కూడా ఏడ్చినాడు. ఇంక సీను దొరికింది అనుకున్నాం. నిన్నటికి పది రోజులు. పాప 'ఇప్పుడెందుకొచ్చినావు' అనే మాట దగ్గర, సరిగ్గా అదే చోట, సరిగ్గా అట్లాగే ముఖం ముడుస్తుంది. కన్నీళ్లు కూడా వస్తున్నాయి. కానీ చూస్తుంటే ఏమీ అనిపించడం లేదు. అక్క అయితే పేపర్ చదివినట్టు చెప్తోంది. పెద్దావిడ గొంతు వీధి చివరికి వినబడుతోంది.

రిహార్సల్ ఆపేయాలా? అసలు చేయకుండా ఉండాల్సిందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

ఒకే టేక్ (అనంతపురం) | శనివారం, రాత్రి 10:15

ఆపేయండన్నా, వెంటనే. కొత్తవాళ్లతో రిహార్సల్ చేస్తే ఉన్న సహజం కూడా పోతుంది. సీను గురించి ఏమీ చెప్పకుండా స్పాట్‌కి తీసుకురండి, కెమెరా తిప్పండి, వచ్చింది వాడుకోండి. నా షార్ట్ ఫిల్ములు రెండూ అట్లనే తీసినా.

పాపకి ఏడుపు రాకుంటే షాట్‌కి ముందు ఏదో ఒకటి చెప్పి భయపెట్టండి. వాళ్ల అమ్మకి బాగాలేదని ఫోన్ వచ్చిందనో మరొకటో. నిజమైన ఏడుపు ముందు ఏ నటనా నిలబడదు.

---

చిత్రావతి (ధర్మవరం) | శనివారం, రాత్రి 10:52

పైన చెప్పిన రెండో మాట దయచేసి ఎవరూ పాటించకండి. నేను బడిలో పిల్లలకి ఏటా నాటకాలు వేయిస్తాను. అమ్మకి బాగాలేదని అబద్ధం చెప్తే ఆ పాప మళ్లీ మీ మాట నమ్మదు. మీకు ఒక్క షాట్ దొరుకుతుంది, తర్వాత ఇరవై రోజుల షూటింగులో పాప దొరకదు. దొరికినా దొరక్కున్నా, పన్నెండేళ్ల పిల్లకి అట్లా చేయడం తప్పు.

పాలకొండలు గారూ, ఇంకో సంగతి. పద్నాలుగేళ్లు నిండని పిల్లలతో సినిమా తీయాలంటే నియమాలున్నాయి. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 2017లో దానికి నియమాలు తెచ్చారు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. పాప రోజుకి 5 గంటలకు మించి పనిచేయకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకు మించకూడదు. పాపకి ఇచ్చే డబ్బులో కనీసం 20 శాతం తన పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. పాపకి ఇష్టం లేకుండా ఏదీ చేయించకూడదని కూడా రాసి ఉంది. చిన్న సినిమా కదా, ఎవరు అడుగుతారులే అనుకోవద్దు. షూటింగ్ గంటలే కాదు, మీ రిహార్సల్ గంటలు కూడా లెక్క పెట్టుకోండి. పది రోజుల నుంచి పాప బడి నుంచి వచ్చి ఎంతసేపు చేస్తోంది?

---

పాలకొండలు | శనివారం, రాత్రి 11:05

మేడమ్, భయపెట్టే ఆలోచన నాకు లేదు. అనుమతి కాగితాలు పెట్టినాం. బ్యాంకు సంగతి మాత్రం తెలియదు, సోమవారం పాప నాయనతో మాట్లాడతాను.

సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా చేయిస్తున్నాం. మీరడిగినాక ఆలోచిస్తే, బడి అయినాక అది ఎక్కువే. మూడు గంటల్లో ఆ సీనే ఏడెనిమిదిసార్లు చేయించినా. పది రోజులు వేసుకుంటే డెబ్బైసార్లు. రాస్తుంటేనే నాకు ఎట్లనో ఉంది.

---

మూడోగంట (అనంతపురం) | ఆదివారం, ఉదయం 7:20

నేను నటిని. నాటకాలు, నాలుగు చిన్న సినిమాలు. నటించేవాళ్ల వైపు నుంచి ఒక మాట చెప్తాను, బాధపడొద్దు.

మూడో రోజు అందరూ ఏడ్చారు. నాలుగో రోజు మీరు పాపతో ఏమన్నారు? 'నిన్న ఎంత బాగా చేసినావు, అట్లాగే చెయ్యి' అన్నారు కదా? నాతో ఎందరో డైరెక్టర్లు అన్నారు. ఆ మాటతో నటి పని మారిపోతుంది. నిన్నటిదాకా ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. ఇవాళ నిన్నటి తనను తాను గుర్తు తెచ్చుకుంటోంది. తల్లి ఎదురుగా ఉన్నా పాప చూసేది తల్లిని కాదు, మూడో రోజు ఏడుపుని.

ఏడుపు పని కాదు. పని జరిగేటప్పుడు దానంతట అది వచ్చేది. ఆ సీనులో పాపకి ఏం పని ఉంది? గౌను చిన్నదైందని పాపకి తెలుస్తుంది. అప్పుడు తను ఏం చేయాలనుకుంటుంది? తల్లిని నొప్పించాలనా? గౌను పట్టలేదని తల్లికి తెలియకుండా దాచాలనా? అవ్వ వైపు చూసి, ఇప్పుడేం చేయాలో అడగాలనా? ఒక్కటి ఎంచుకుని, 'ఏడు' బదులు 'దాచు' అని చెప్పి చూడండి. పన్నెండేళ్ల పిల్లకి దాచడం బాగా వచ్చు. బాధపడి చూపించడమే రాదు.

---

తెర వెనక (కర్నూలు) | ఆదివారం, ఉదయం 9:10

నాకు అరవై రెండేళ్లు. కర్నూలు, నంద్యాల చుట్టుపక్కల నాటకాల్లో నటుడిగా, ప్రాంప్టరుగా, దర్శకుడిగా నలభై ఏళ్లు గడిచిపోయాయి. రిహార్సల్ నటనను చంపుతుంది అన్న మాటకు నేను ఒప్పుకోను. ఒకే నాటకం యాభైసార్లు ఆడతాం. యాభయ్యోసారి కూడా జనం కళ్లు తుడుచుకుంటారు. తిరిగి తిరిగి చేస్తేనే చచ్చిపోయేదైతే నాటకమే ఉండేది కాదు. 1885లో ఇదే కడప జిల్లాలో, సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన నాటక సమాజం తరతరాలుగా అవే కథలు ఆడుతోంది. అందులో పిల్లలు నడక నేర్చిందే స్టేజి మీద.

మన తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ గారు వకీలు పని చేసుకుంటూ, రాగాలు తీసే కాలంలో సహజంగా నటించాలని పట్టుబట్టినారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలన్నారు. అంత సహజం రిహార్సల్ లేకుండా వచ్చిందనుకుంటున్నారా?

మూడోగంటమ్మ చెప్పినది నిజం. మళ్లీ మళ్లీ చేయడం తప్పు కాదు. ఫలితాన్ని మళ్లీ మళ్లీ చేయించడం తప్పు. చెవి తెరిచి పెట్టుకున్న నటుడికి ఎదుటివాడి మాట ప్రతిసారీ కొత్తగానే వినిపిస్తుంది. మీ ముగ్గురూ ఒకరి మాట ఒకరు వింటున్నారా, తమ మాట ఎప్పుడొస్తుందా అని కాచుకున్నారా? ఇవాళ అది మాత్రం గమనించండి.

పెద్దావిడ గురించి కూడా. 'తగ్గించండమ్మా' అని మాత్రం అనవద్దు. వెనక వరసలో కూర్చున్నవాడికి మాట చేరాలని ముప్పై ఏళ్లు నేర్చుకున్న గొంతది. తగ్గించమంటే గొంతుతోపాటు ప్రాణం కూడా తగ్గుతుంది. ఆమెకి ఒక కారణం ఇవ్వండి. కూతురు రాత్రంతా ప్రయాణం చేసి వచ్చింది, పక్కింటివాళ్లు ఇంకా లేవలేదు, ఊరికి తెలిసేలోపు కూతురితో ఒక మాట మాట్లాడుకోవాలి. గొంతు దానంతట అదే దిగుతుంది. చేతికి పని కూడా ఇవ్వండి. చేటలో బియ్యం ఏరుతూ ఎవరూ వీధి చివరికి వినబడేలా మాట్లాడరు.

---

రాగిముద్ద (అనంతపురం) | ఆదివారం, ఉదయం 11:30

నేను కెమెరా పని చేస్తాను. తెర వెనక సారు చెప్పినదానికి ఇంకో ఉదాహరణ. అమెరికాలో సిడ్నీ లూమెట్ అనే దర్శకుడు నాటకాల నుంచి, లైవ్ టెలివిజన్ నుంచి వచ్చినాయన. కెమెరా పెట్టకముందే నటులతో రెండు వారాలు కూర్చునేవాడు. సెట్టు కొలతలు నేల మీద టేపుతో గీసి, ఆ గీతల మధ్యనే నడిపించేవాడు. ఇంగ్లాండులో మైక్ లీ అయితే స్క్రిప్టు రాయకముందే నటులతో నెలల తరబడి పాత్రలను తయారు చేస్తాడు. ఇంకో పక్క ఫ్రాన్సులో బ్రెస్సన్. నటులు కానివాళ్లను తీసుకుని, ఆ మాట యంత్రంలా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చెప్పించేవాడు. ఆయనకి భావం ముఖంలో వద్దు. దారులు వేరైనా, తమకి ఏం కావాలో ముగ్గురికీ తెలుసు. మీకు ఏం కావాలో ముందు తేల్చుకోండన్నా. మూడో రోజు ఏడుపే కావాలా, ఆ ఇంటి కథ కావాలా?

నా పని వైపు నుంచి చెప్పాలంటే, రిహార్సల్ ఎక్కడ చేస్తున్నారు? హాల్లోనా? రేపటి నుంచి షూట్ చేసే ఇంట్లోనే చేయండి. కొత్తవాళ్లకి నేల మీద మార్కు పెట్టి 'ఇక్కడే నిలబడు' అనకండి, కళ్లు నేల మీదే ఉంటాయి. గది మొత్తానికి ఒకే లైటింగ్ పెట్టుకుంటే వాళ్లు ఎటు తిరిగినా నేను వెంట పోతాను. ఆఖరి రెండు రోజులు కెమెరాను కూడా గదిలో పెట్టండి. రికార్డు చేయకున్నా సరే, పాపకి అదొక మంచమో బీరువానో అన్నట్టు అలవాటు కావాలి.

---

బుడ్డలచేను (డోన్) | ఆదివారం, మధ్యాహ్నం 1:45

సింక్ సౌండా (షూటింగులోనే మాటలు రికార్డు చేయడమా), డబ్బింగా? సింక్ అయితే ఇప్పటి నుంచే ఫ్యాన్ ఆపి రిహార్సల్ చేయండి. కడప ఎండల్లో ఫ్యాన్ లేని గదిలో మనిషి మాటే మారుతుంది, తొందరపడతారు, నోరు ఎండుతుంది. షూటింగ్ రోజున ఆ మార్పు మొదటిసారి చూస్తే ఏమీ చేయలేరు.

ఇంకో పని. సీనును ఫోనులో ధ్వని మాత్రమే రికార్డు చేసి, కళ్లు మూసుకుని వినండి. ముఖం చూస్తుంటే మనం మోసపోతాం. వింటే ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు ఒప్పజెప్తున్నారో పది సెకన్లలో తెలుస్తుంది.

---

పాలకొండలు | ఆదివారం, రాత్రి 9:30

ఈ రోజు ఆ సీను ముట్టుకోలేదు. మొదటి రోజు నుంచి ఫోనులో తీసిన రికార్డింగులన్నీ వరసగా విన్నాను.

రెండు సంగతులు తెలిసినాయి. మొదటిది, మూడో రోజు సీను 4 నిమిషాల 40 సెకన్లు ఉంది, నిన్న 6 నిమిషాల 10 సెకన్లు. మాటలు అవే. మధ్యలో మౌనాలు పెరిగినాయి. ప్రతి ఒక్కరూ తమ బాధకి కొంచెం కొంచెం సమయం తీసుకుంటున్నారు. తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు కె.వి.రెడ్డి గారు రిహార్సల్ చేయించి, స్టాప్‌వాచ్‌తో ప్రతి సీను నిడివి ముందే లెక్కగట్టేవారని చదివినప్పుడు అది ఫిల్మ్ రీలు ఖర్చు కోసమే అనుకున్నా. ఇప్పుడు గడియారం ఇంకో సంగతి చెప్తోంది.

రెండోది, అక్క. సీను మొదలయ్యే ముందు, రికార్డింగు ఆన్‌లో ఉండగా, అక్క పాపతో మాట్లాడిన మాటలు: 'తిన్నావా మే? బడికాడ ఏం పెట్టినారు? రేపు జడ నేనేస్తాలే.' ప్రాణం లేచొచ్చేట్టు ఉంది. తర్వాత నేను 'యాక్షన్' అంటాను. అక్క: 'నీకోసమే ఇన్ని సంవత్సరాలు కష్టపడ్డాను తల్లీ.' అది నేను రాసిన వాక్యం. అక్క నోట్లో అది రాయిలాగుంది.

---

పెన్నగట్టు (కడప) | ఆదివారం, రాత్రి 10:10

ఇదేనన్నా నేను ఎదురుచూస్తున్నది! రాయచోటి అక్క 'ఇన్ని సంవత్సరాలు కష్టపడ్డాను తల్లీ' అని ఏ ఇంట్లో అంటాది? సినిమాల్లో మన మాటను బాంబులేసేవాళ్లకి, తొడ కొట్టేవాళ్లకి ఇచ్చి, మన తల్లులకి మాత్రం ఎవరి భాషనో ఇస్తారు. తిట్టడానికే పనికొస్తాదా మన మాట? లాలించడానికి పనికిరాదా? జోల పాడింది, అన్నం తినిపించింది, సాగనంపింది అంతా ఈ మాటతోనే కదా. మీరు కడపోళ్లయ్యుండి మీరే ఇట్లా రాస్తే ఇంకెవరు రాస్తారు?

డైలాగు పేపర్ వెనక్కి తీసుకోండి. అక్కకి అర్థం చెప్పండి, మాట అక్కనే చెప్పనీండి. వచ్చిన మాటను మీరు రాసుకోండి.

---

తెర వెనక | సోమవారం, ఉదయం 6:50

మాట నటులకే వదిలేయడం గురించి ఒక హెచ్చరిక. రోజుకో మాట అంటే అవ్వ వేషం వేసే ఆవిడకి ఇబ్బంది. ఆమె పాఠం వచ్చినాకే నటించే తరం. అందుకని రెండు మూడు రోజులు సొంత మాటల్లో చేయించి, బాగున్నవి ఏరి, కొత్త పేపర్ రాసి ముగ్గురికీ ఇవ్వండి. ఆ తర్వాత మాట మార్చవద్దు. కట్ట లేకుంటే నీళ్లు చెరువులో నిలవవు.

---

మూడోగంట | సోమవారం, ఉదయం 8:00

ఆ సీను ముట్టుకోకపోవడం మంచి పని. ఇంకో నాలుగు రోజులు ముట్టుకోకండి. కానీ దాని చుట్టూ ఉన్నవి చేయండి. స్క్రిప్టులో లేనివి.

పాపని ఒక గదిలో, అక్కని మేడ మీద కూర్చోబెట్టి ఫోను మాట్లాడించండి. ఆ నాలుగేళ్ల ఫోను కాల్స్ అన్నమాట. మొదటి నెల కాల్, పాపకి జ్వరం వచ్చినప్పటి కాల్, ఉగాది కాల్, పాప ఫోను దగ్గరికి రాననే కాల్. ఒక్కోటి పది నిమిషాలు. మీరు మధ్యలో మాట్లాడకూడదు. అక్కకి ఆ కాల్స్ ఎట్లుంటాయో మనందరికంటే బాగా తెలుసు. తనకి నొప్పి కలిగేది అయితే ముందే అడిగి, సరే అంటేనే చేయండి.

అవ్వకీ పాపకీ మధ్య కూడా. పాప అవ్వని ఏమని పిలుస్తుంది? 'అవ్వా' అనేనా? మా ఊర్లో ఇట్లా పెరిగిన పిల్లలు కొందరు అవ్వనే 'అమ్మా' అంటారు. మరి తల్లి వచ్చిన రోజు ఆ పిలుపు ఏమవుతుంది?

ఇంకొకటి, వినడం అలవాటు కావడానికి. మైస్నర్ అనే అమెరికన్ గురువు చేయించిన అభ్యాసం. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు ఎదుటివాళ్లలో కనిపించింది చెప్పాలి: 'నీ జడ ఊడిపోయింది.' రెండోవాళ్లు 'నా జడ ఊడిపోయింది' అనాలి. అదే మాట అటూ ఇటూ తిరుగుతుంటుంది. కాసేపటికి ఎవరూ ఏమీ చేయకుండానే స్వరం మారుతుంది, నవ్వొస్తుంది, కోపం వస్తుంది. పాపకి ఆటలాగుంటుంది. పది నిమిషాలు చాలు.

గౌను ఒకటి. రిహార్సల్లో ఏదో పాత చొక్కా వాడండి. అసలు గౌను షూటింగ్ రోజుదాకా పాపకి చూపించవద్దు. ఇది మోసం కాదు, కొత్తది ఉంటుందని పాపకి ముందే చెప్పండి. చూడటం మాత్రం అప్పుడే.

---

ఒకే టేక్ | సోమవారం, మధ్యాహ్నం 12:20

చిత్రావతి మేడమ్‌కి. నిన్న మీ మాట చదివి కోపం వచ్చింది. తర్వాత నా మొదటి సినిమాలో నటించిన పిల్లోడితో రాత్రి మాట్లాడినా. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. 'ఆ రోజు మీరు చెప్పింది అబద్ధమని తెలిసినాక కూడా ఇంటికి పోయేదాకా వణికినాను అన్నా' అన్నాడు. మూడేళ్లయింది, నాతో ఎప్పుడూ అనలేదు. క్షమించమని అడిగినా. పైన నేను రాసిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

రిహార్సల్ వద్దన్న మాట మీద మాత్రం నాకు ఇంకా అనుమానం ఉంది. చూస్తా ఉంటాను.

---

చిత్రావతి | సోమవారం, సాయంత్రం 5:15

అడిగారు, అది చాలు. ఆ అబ్బాయి మనసు కొంత తేలికపడి ఉంటుంది.

---

పాలకొండలు | బుధవారం, రాత్రి 10:40

మూడు రోజుల కబుర్లు. పాప రిహార్సల్ రోజుకి గంటన్నరకి తగ్గించినాం, మధ్యలో ఉగ్గాని బజ్జీ. బ్యాంకు ఖాతా పని కూడా అయింది.

ఫోను కాల్స్ చేయించినాం. జ్వరం కాల్ అక్క వద్దంది. కారణం అడగలేదు. ఉగాది కాల్‌లో పాప మొత్తం బడి సంగతులే చెప్పింది, అక్క వింటూ 'ఊ, ఊ' అంటూ ఉంది. చివర్లో పాప, 'సరే, పెట్టేస్తా, అమ్మ పిలుస్తాంది' అని అవ్వ దగ్గరికి పోయింది. మేడ మీద అక్క ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అట్లనే ఉండిపోయింది. మూడోగంట గారూ, పాపకి ఆ పిలుపు గురించి నేను చెప్పలేదు. పెద్దావిడే పాపతో కూర్చుని 'నన్ను ఏమని పిలుస్తావే నువ్వు' అని అడిగి తేల్చుకున్నారంట. ఇప్పుడు ఆ ముక్క స్క్రిప్టులో ఉంది.

పెద్దావిడ చేటలో బియ్యం తీసుకున్న నిమిషం నుంచి వేరే మనిషి. తెర వెనక గారికి ఆమె నమస్కారాలు చెప్పమన్నారు.

ఇప్పుడు అసలు సమస్య. ఈ రోజు పెట్టె సీను ఒక్కసారి, ఒక్కసారే చేసినాం, పాత చొక్కాతో. పాప చొక్కాను ఒంటికి ఆనించుకుని, చేతులు పొట్టిగా ఉన్నాయని కనబడకుండా మోచేతులు మడిచి పట్టుకుంది. 'దాచు' అన్న ఒక్క మాట చేసిన పని. అక్క అది చూసింది. నేను రాసిన డైలాగు చెప్పలేదు. చొక్కా తీసుకుని, తిరగేసి, లోపలి కుట్టు వేలితో తడిమి, 'కుట్టు ఇప్పుతా. అంగుళం మిగిలుండాది. సరిపోతాది' అంది. పాపతో కాదు, తనలో తాను అన్నట్టు.

నాలుగేళ్లు ఆ అంగుళంలో సరిపెట్టాలనుకుంటోంది. నేను జన్మలో రాయలేని మాట అది. కెమెరా లేదు. రేపు 'అదే మాట చెప్పక్కా' అంటే మళ్లీ మూడో రోజు కథ అవుతుంది. ఎట్లా కాపాడుకోవాలి?

---

రాగిముద్ద | బుధవారం, రాత్రి 11:20

మెచ్చుకోవద్దన్నా. ముందు అది. అక్క ముందు ఆ మాట గురించి ఎవరూ మాట్లాడకూడదని యూనిట్ అంతటికీ చెప్పండి.

---

తెర వెనక | గురువారం, ఉదయం 7:00

మాటను కాదు, మాట పుట్టిన చోటును కాపాడండి. ఆమె టైలరు. గుడ్డ చేతికొస్తే కుట్టు చూస్తుంది. అది నటన కాదు, అలవాటు. షూటింగ్ రోజున ఆమె చేతికి నిజమైన గుడ్డ, నిజమైన చిక్కు ఇవ్వండి. అదే మాట రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే ఇంకేదో వస్తుంది. దానికి మీరు సిద్ధంగా ఉండాలి. పేపర్ మార్చవద్దన్నది నేనే. కానీ ఈ ఒక్క చోట ఖాళీ వదలండి. పేపర్‌లో 'తల్లి గౌను చూస్తుంది' అని మాత్రం రాయండి.

---

మూడోగంట | గురువారం, ఉదయం 8:30

సారు మాటే నా మాట. స్టానిస్లావ్‌స్కీ అనే రష్యా నాటక గురువు వందేళ్ల కిందట నటుల్ని 'నేనే ఈ స్థితిలో ఉంటే ఏం చేస్తాను' అని తమను తాము ప్రశ్నించుకోమన్నాడు. అక్క ఆ స్థితిలో ఆరేళ్లు ఉండి వచ్చింది. మీరు అడగాల్సిన పని కూడా లేదు, అడ్డం రాకుంటే చాలు.

షూటింగ్ దాకా ఈ సీను ఇంక వద్దు. పెట్టె తాళ్లు కోయడం, డబ్బాలు తీయడం లాంటి చేతి పనులు మాత్రం చేయించండి. ఏ డబ్బా ముందు, ఏది తర్వాత అన్నది చేతులకి వచ్చేయాలి. అప్పుడు మనసు ఖాళీగా ఉంటుంది.

---

బుడ్డలచేను | గురువారం, ఉదయం 9:05

తనలో తాను అనుకునే మాట అంటే చాలా మెల్లగా ఉంటాది. అక్క చీర కొంగు దగ్గర లేపల్ మైకు (బట్టలకి తగిలించే చిన్న మైకు) ముందు నుంచే అలవాటు చేయండి. పెట్టె అట్ట చప్పుడు, ప్లాస్టిక్ కవరు చప్పుడు మాటను మింగేస్తాయి. కవర్లు ముందే తీసేయండి. గౌను మీద కవరు అసలు వద్దు.

---

పాలకొండలు | తర్వాతి వారం శనివారం, రాత్రి 11:50

ఈ రోజు ఆ సీను తీసినాం. పొద్దున ఏడు గంటలకి, ఎండ ముదరకముందే. ఫ్యాన్ లేదు. కెమెరా ఒకటే, గది మూలన. చేతి పనులు తప్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు. పాపకి మాత్రం ఒక్క మాట: 'దాచు.'

గౌను మా అసిస్టెంట్ కడప బజారులో కొన్న రెడీమేడ్. పాప ఒంటికి ఆనించుకుంది. మోచేతులు మడిచింది. అక్క చేయి చాపి గౌను తీసుకుంది, తిరగేసింది, లోపల కుట్టు వేలితో తడిమింది. నేను ఊపిరి బిగబట్టి ఆ మాట కోసం చూస్తున్నా. అక్క ఇంకో వైపు కుట్టు చూసింది. చంక దగ్గర చూసింది. తర్వాత తెలిసింది, రెడీమేడ్ గుడ్డ కదా, కుట్టు లోపల అంగుళం కాదు, నూలు పోగంత కూడా వదల్లేదు. ఇప్పడానికి ఏమీ లేదు.

అక్క ఏమీ మాట్లాడలేదు. గౌనును మంచం మీద పరిచి, చేతులు లోపలికి మడిచి, అంగట్లో మడతపెట్టినట్టు శుభ్రంగా మడిచింది. మళ్లీ పెట్టె అడుగున పెట్టబోయింది. పెద్దావిడ చేటలో బియ్యం ఏరడం ఆపేసినారు. ఆ చప్పుడు ఆగిపోవడం మైకులో వినబడింది.

అప్పుడు పాప లేచింది. రిహార్సల్లో ఎప్పుడూ లేవలేదు. తల్లి చేతిలోంచి గౌను తీసుకుని, పోయి అవ్వ ట్రంకుపెట్టెలో, అవ్వ చీరల మీద పెట్టి, మూత వేసింది. 'ఇప్పుడెందుకొచ్చినావు' అన్న మాట రానేలేదు. ఎవరూ ఏడ్వలేదు. సీను మొత్తం 3 నిమిషాల 50 సెకన్లు.

రాగిముద్ద చెప్పినట్టు గదంతా ఒకే లైటింగ్ పెట్టబట్టి పాప ట్రంకుపెట్టె దాకా పోయినా కెమెరా అందుకుంది. రెండో టేకు అడగలేదు. దగ్గరి షాట్లు రెండు మాత్రం విడిగా తీసుకున్నాం, గౌను మీద అక్క చేతులు, ట్రంకుపెట్టె మూత.

---

ఒకే టేక్ | ఆదివారం, ఉదయం 8:10

అన్నా, ఒకే టేకులో తీసినారు గానీ దాని వెనక మీ ముగ్గురి పదిహేను రోజులు ఉన్నాయి. నేను చేసినది ఇది కాదు. మా తర్వాతి సినిమాకి రిహార్సల్ పెట్టుకుంటున్నాం. ఫోను కాల్స్ ఎట్లా చేయించినారో వివరంగా రాయగలరా? మాది తండ్రీకొడుకుల కథ. కొడుకు బెంగళూరులో ఉంటాడు.

---

పాలకొండలు | ఆదివారం, రాత్రి 9:00

తప్పకుండా రాస్తాను, బుధవారం మాకు సెలవు. ఒకటి మాత్రం ఇప్పుడే చెప్తా. కాల్ మొదలుపెట్టేటప్పుడు ఇద్దరిలో ఒకరికే ఒక సంగతి చెప్పండి, రెండోవాళ్లకి చెప్పకండి. తండ్రికి 'పొలం అమ్మేసినావు, కొడుక్కి ఇంకా చెప్పలేదు' అని చెప్పి కాల్ కలపండి. చెప్పమనీ అనకండి, చెప్పొద్దనీ అనకండి.

పాపకి ఈ రోజు పని నాలుగు గంటలతో అయిపోయింది, చీకటి పడకముందే వాళ్ల నాయన వచ్చి తీసుకుపోయినాడు. రేపు పెద్దావిడ ఒక్కరి సీను, తెల్లారుజామున నాలుగున్నరకి. చేట, బియ్యం తీసి పక్కన పెట్టినాం.